నిమిషంలో ముగిసిన షోపాన్

షోపాన్ మీద నాకేం కోపం లేదు. ఆ పియానో స్వరకర్త 1849లోనే పారిస్‌లో కన్నుమూసి, నా వాయింపు వినే ప్రమాదాన్ని ముందే తప్పించుకున్నాడు. తప్పించుకోలేకపోయినవాళ్ళు కిందటి కార్తీకమాసంలో సూరత్ పక్కన డుమస్‌కి వనభోజనాలకొచ్చిన మన తెలుగువాళ్ళు. పాపం, వాళ్ళు పులిహోర కోసం వచ్చారు.

దీనికంతటికీ మూలకారణం మా తోడల్లుడు. మీకూ ఒక తోడల్లుడు ఉండే ఉంటాడు. లేడంటే మీరు పూర్వజన్మలో ఏదో మంచి పని చేసుకున్నట్టే. మావాడు పరుగెత్తుతాడు. ఎవరూ తరమకపోయినా పరుగెత్తుతాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే మా అత్తగారి తరఫు వాట్సాప్ గ్రూపులో ఒక పటం పడుతుంది. సూరత్ వీధుల మీద ఎర్రగీత, కింద ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని నిమిషాలు, ఇన్ని సెకన్లు. ఆ వెంటనే మా మామగారి చప్పట్ల బొమ్మలు వరసగా. మా అత్తగారైతే టైపు చేయడం రాదు కాబట్టి గొంతు రికార్డు చేసి పంపుతారు: "చిన్నల్లుడుగారికి దిష్టి తగులుతుంది, ఎవరైనా ఉప్పు తిప్పండి." పెద్దల్లుడు కూడా అదే గ్రూపులో ఉన్నాడని ఆవిడకి గుర్తుండదు. నా పరుగంతా కారు పెట్టిన చోటు నుంచి బజ్జీల బండి దాకానే. దానికి పటం గీస్తే చుక్క వస్తుంది.

నేను రింగ్ రోడ్డులోని ఒక టెక్స్‌టైల్ మార్కెట్‌లో లెక్కలు రాస్తాను. చీరల వ్యాపారులకి ఇచ్చిపుచ్చుకున్నవి, మిగిలినవి, పోయినవి. జీవితమంతా అంకెల్లోనే గడిచింది గానీ నా పేరు పక్కన ఒక్క అంకె కూడా లేదు. అందుకని, కుర్చీలో కూర్చునే సంపాదించుకోగలిగిన టైమింగు ఏదైనా ఉందా అని వెతుకుతూ ఉన్నాను. అది వెతికితే దొరికేది కాదనుకోండి. కానీ ఒక రాత్రి నిద్ర పట్టక ఫోను చూస్తుంటే అదే వచ్చి ఒళ్ళో పడింది. షోపాన్ 'మినిట్ వాల్ట్జ్'. ఎవరో సన్నటి వేళ్ళ అమ్మాయి పియానో ముందు కూర్చుని గిరగిరా వాయించేస్తోంది. పేరులోనే నిమిషం ఉంది. నా గుండె లయ తప్పింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ తర్వాత ఏ లయా మళ్ళీ దారికి రాలేదు.

సంగతి ఇదీ. వాల్ట్జ్ అంటే మూడు దెబ్బల నాట్యం. మొదటిది బరువు, మిగతా రెండూ తేలిక. మన తకిట, తకిట అనుకోండి. షోపాన్ కాలంలో వియన్నా అంతా దీనికే తిరుగుతోంది. యోహాన్ స్ట్రాస్, లానర్ అనే ఇద్దరు స్వరకర్తలు ఆ ఊరిని ఏలుతున్నారు. ఇరవయ్యేళ్ళ షోపాన్ పోలెండు నుంచి అక్కడికి వెళ్ళి, కొన్ని నెలలుండి, ఈ వియన్నా వ్యవహారం నాకు ఒంటబట్టలేదని ఇంటికి ఉత్తరం రాశాడు. ఒంటబట్టలేదన్న మనిషి తర్వాత రాసిన వాల్ట్జ్‌లు ఇప్పటికీ లోకమంతా వాయిస్తోంది, అవి నాట్యమాడటానికి కాకపోయినా. వాటికి నిజంగా ఎగరాలంటే కాళ్ళు మెలికపడతాయి. వేళ్ళతో ఆడాల్సిన నాట్యాలవి.

నేను పట్టుకున్నది ఓపస్ 64లో మొదటిది, డి ఫ్లాట్ మేజర్ శ్రుతిలో. 1847లో అచ్చయింది. డెల్ఫీనా పొటోట్స్కా అనే దొరసానికి అంకితం. జార్జ్ సాండ్ అని మగపేరు పెట్టుకుని నవలలు రాసిన ఆవిడ ఉంది కదా, షోపాన్ నెచ్చెలి, ఆవిడ కుక్కపిల్ల తన తోక తానే తరుముకుంటుంటే చూసి ఈ పాట కట్టాడని ఒక కథ చెప్తారు. నిజమో కాదో గానీ మొదటి నాలుగు క్షణాలు వింటే నమ్మబుద్ధేస్తుంది. కుడిచేయి ఒకే స్వరం చుట్టూ తిరిగి తిరిగి, ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది.

ఇక ఆ 'మినిట్' అంటే అరవై సెకన్లు కాదు, బుల్లిది అని అర్థం. ఈ ముక్క నాకు మొదటి రాత్రే తెలుసు. మామూలుగా దీన్ని ఒకటిన్నర నుంచి రెండున్నర నిమిషాల్లో వాయిస్తారనీ తెలుసు. తెలియక చేసినవాడు అమాయకుడు. అతణ్ణి జనం క్షమిస్తారు. నేను తెలిసి చేశాను. ఎందుకంటారా? "బుల్లి వాల్ట్జ్ వాయించాను" అంటే మా అత్తగారు "అలాగా బాబూ" అంటారు. "ఒక్క నిమిషంలో వాయించాను" అంటే ఉప్పు తిప్పుతారు.

లెక్కలవాణ్ణి కాబట్టి ముందు లెక్క వేశాను. ఒకచోట మళ్ళీ వాయించాల్సింది కలుపుకుంటే ఈ పాటలో 138 గళ్ళు. గడికి మూడు దెబ్బలు, మొత్తం 414. నిమిషంలో ముగియాలంటే సెకనుకి ఇంచుమించు ఏడు దెబ్బలు. కుడిచేతికి చాలాచోట్ల దెబ్బకి రెండేసి స్వరాలు. అంటే సెకనుకి పద్నాలుగు. ఈ అంకె చూసి బుద్ధున్నవాడు పెన్ను మూసి పడుకుంటాడు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఎందుకంటే నేను క్యాలిక్యులేటర్ మీద కళ్ళు మూసుకుని లెక్కలు కొడతాను. మార్చి నెలాఖరున నా వేళ్ళు చూడటానికి పక్క కొట్టు గుమాస్తాలు వస్తారు. మీట అన్న తర్వాత ఏ మీటైతేనేం? ఈ తర్కం మీకు నవ్వొస్తే నవ్వండి. కానీ డ్రైవింగు వచ్చు కదా అని పడవ నడపబోయిన వాళ్ళు మీ ఇంట్లో కూడా ఉంటారు.

అరవై ఒక్క మీటల కీబోర్డు కొన్నాను. ఇంట్లో "అమ్మాయి కోసం" అన్నాను. మా అమ్మాయి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. మా ఆవిడ ఒక చూపు చూసి, "హాస్టల్‌కి పంపిస్తారా దీన్ని?" అని మాత్రం అడిగింది. రాత్రిళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన. నాకు షోపాన్ వినిపించేవాడు. ఆవిడకి ప్లాస్టిక్ మీటల టకటక వినిపించేది. "ఇంటికి కూడా లెక్కలు తెచ్చుకుంటున్నారేమిటండీ" అనేది జాలిగా.

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారని, నాన్‌పురాలో ఒక పార్సీ ముసలావిడ దగ్గరకి వెళ్ళాను. ఇంట్లో నిలువు పియానో ఉంది, వానాకాలంలో మీటలు ఉబ్బి లేవనంటాయి. ఎనభై దాటిన మనిషి. నన్ను 'దీక్రా' అంటుంది, అంటే 'నాయనా' అని. యాభై దాటాక నన్ను నాయనా అన్నవాళ్ళు లేక, ఆ పిలుపుకే కరిగిపోయాను. ఆవిడ ముందు నా విజ్ఞానం ప్రదర్శించాలి కదా. అందుకని వెళ్ళకముందే చదివి పెట్టుకున్నాను. "ఆంటీ, మీ పార్సీలలో సొరాబ్జీ అనే ఒకాయన ఉండేవాడు తెలుసా? తండ్రి బొంబాయి పార్సీ, ఈయన పుట్టింది 1892లో ఇంగ్లండులో. ఇదే వాల్ట్జ్‌ని పట్టుకుని 1922లో ఒకసారి, 1933లో ఇంకోసారి గుర్తుపట్టలేనంతగా మెలితిప్పి కొత్త పాటలు చేశాడు" అని అప్పజెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "సరే దీక్రా, ఎడమచెయ్యి ముందుకు పెట్టు" అంది.

ఎడమచెయ్యి! నేను వచ్చింది కుడిచేతి కోసం. ఆవిడ చెప్పింది ఇదీ: షోపాన్ తన శిష్యులతో ఎడమచేయి వాద్యబృందాన్ని నడిపే పెద్దలాంటిది, అది కాలం తప్పకూడదు, అప్పుడే కుడిచేయి కాస్త అటూ ఇటూ ఊగినా అందంగా ఉంటుంది అనేవాడట. అందుకని కింద ఒక మంద్ర స్వరం, పైన రెండు తేలిక దెబ్బలు, మళ్ళీ కింద, మళ్ళీ పైన. కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని వాయించమంది. పైగా, తెల్లమీటలు తేలికనుకోవద్దంది. షోపాన్ శిష్యులకి మొదట నేర్పింది నల్లమీటలు ఎక్కువున్న మెట్లేనట. పొడుగు వేళ్ళు వాటిమీద సహజంగా కుదురుకుంటాయని. సి మేజర్ చదవడానికి సులువు, చేతికి కష్టం. డి ఫ్లాట్‌లో ఏడు స్వరాల్లో ఐదు నల్లమీటలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. నేను గుర్తుంచుకోలేదు.

కొన్నాళ్ళు వెళ్ళి మానేశాను. జీఎస్టీ రిటర్నులని చెప్పాను. ఈ దేశంలో ఆ మాటకి ఎదురు ప్రశ్న ఎవరూ వెయ్యరు. అసలు కారణం, ఆవిడ గోడ మీద గడియారం ఉంది గానీ నా చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకోనివ్వలేదు.

ఇంట్లో నా సాధన నాదే. నొటేషన్ చదవడం రాదు కాబట్టి ఫోనులో రంగురంగుల గీతలు మీటల మీదకి దిగే వీడియో చూసి నేర్చుకున్నాను. అందులో ఒక చిక్కొచ్చింది. పాట మధ్యలో, ఈ గిరగిరలన్నీ ఆగి, ఒక నెమ్మదైన భాగం వస్తుంది. పొడుగాటి స్వరాలు, ఎవరో కిటికీ దగ్గర నిలబడి ఏదో చెప్పబోయి ఆగినట్టుంటుంది. చాలా బాగుంటుంది. బాగుంటుంది గానీ టైము తింటుంది. ఎంత తొందరపెట్టినా అక్కడికొచ్చేసరికి సెకన్లు కారిపోతున్నాయి. నష్టం తెస్తున్న శాఖని వ్యాపారి ఏం చేస్తాడు? మూసేస్తాడు. నేను ఆ నడిమి భాగాన్ని మూసేశాను. మొదటి గిరగిర నుంచి నేరుగా చివరి గిరగిరకి దూకాను. ఎవరికి తెలుస్తుంది? అక్కడితో సమయం సగానికి సగం తగ్గింది. ఆ రాత్రి నేను నిద్రలో నవ్వుకున్నానని మా ఆవిడ చెప్పింది.

ఇక డుమస్. ఊరికి నైరుతిగా ఇరవై కిలోమీటర్లు ఉంటుంది, అరేబియా సముద్రం ఒడ్డు. ఇసక నల్లగా ఉంటుంది. ఇంటర్నెట్టు నిండా ఆ నల్ల ఇసకలో దయ్యాలున్నాయని కథలు. నేను వెళ్ళినప్పుడల్లా చూసింది ఒంటెల్ని, గుర్రాల్ని, కాల్చిన మొక్కజొన్నల్ని, గుంపులు గుంపులుగా సూరతీల్ని. ఇంతమంది తింటున్నచోట నిలబడే దమ్ము ఏ దయ్యానికుంది? ఆదివారం సాయంత్రం సూరత్‌లో పొయ్యి వెలిగించడం తప్పు కింద లెక్క. డుమస్ రోడ్డు పక్కన కార్లు ఆపి, చాపలు పరిచి, డబ్బాలు తెరుస్తారు. తినడానికి సూరత్, చావడానికి కాశీ అని వాళ్ళ సామెత. డుమస్‌లో ప్రసిద్ధి టమాటా బజ్జీ. టమాటాని గుండ్రంగా చక్రాల్లా కోసి, పైన కొత్తిమీర పచ్చడి దట్టంగా పట్టించి, శనగపిండిలో ముంచి నూనెలో వేస్తారు. కొరికితే లోపలి టమాటా పొగలు కక్కుతూ నాలుకని కాలుస్తుంది. అయినా ఎవరూ ఆగరు. నేనైతే అసలే ఆగను.

సూరత్‌లో తెలుగువాళ్ళంటే తక్కువేం కాదు. లింబాయత్ వైపు తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా మరమగ్గాల మీద బతుకుతున్నాయి. తర్వాత మా బోటి లెక్కలవాళ్ళు, ఇంజనీర్లు. ఏడాదికోసారి కార్తీకంలో అందరం కలుస్తాం. కిందటిసారి డుమస్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ మాట్లాడారు. కొబ్బరిచెట్లున్నాయి గానీ ఉసిరిచెట్టు లేదు. ఎవరో నర్సరీ నుంచి కుండీలో ఉసిరిమొక్క తెచ్చారు. మోకాలెత్తు లేదు. దాని నీడన భోజనం చేయాలంటే చీమలై పుట్టాలి. అయినా దాని చుట్టూ విస్తళ్ళు పరిచాం.

భోజనాల తర్వాత పాటలూ, పద్యాలూ. కార్యక్రమం నడిపే ఆయన చీటీ చూసి, "ఇప్పుడు ప్రపంచప్రఖ్యాత నిమిషం వాల్ట్జ్, సరిగ్గా ఒక్క నిమిషంలో!" అని ప్రకటించాడు. చీటీలో 'సరిగ్గా' అన్న మాట రాసింది నేనే. ప్లాస్టిక్ బల్ల మీద కీబోర్డు పెట్టాను. నాకు రాని నొటేషన్ కాయితాలు కూడా శోభ కోసం బట్టల క్లిప్పులతో బిగించాను. టైము ఎవరు చూస్తారు అని అడిగీ అడగ్గానే మా తోడల్లుడు లేచి, పరుగుల గడియారమున్న మణికట్టు చూపించాడు. నాకు కావలసిందీ అదే. చేతులు కడుక్కోవాలన్న ఆలోచన మాత్రం రాలేదు. అంతకు ముందు క్షణం దాకా బయట బండి నుంచి తెప్పించిన టమాటా బజ్జీల పళ్ళెం నా ఒళ్ళోనే ఉంది.

"రెడీయా అన్నయ్యా?"

"ఊఁ."

"స్టార్ట్!"

మొదటి గిరగిర బ్రహ్మాండంగా వెళ్ళింది, రెండో గిరగిరలో నూనె వేలు నల్లమీట మీద నుంచి జారి పక్క తెల్లమీట మీద పడింది, దాన్ని సర్దబోతే ఇంకో వేలు జారింది, ఏడింట్లో ఐదు నల్లమీటలేనని ఆంటీ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది, గుర్తొచ్చి ఏం లాభం, కుడిచేయి ముందుకు దూసుకుపోతోంది, ఎడమచేయి ఎక్కడో వెనక తనకి తోచిన మూడు దెబ్బలు తాను కొడుతోంది, సముద్రం గాలి వచ్చి క్లిప్పు ఊడదీసింది, కాయితం ఎగిరి ముఖానికి కొట్టుకుంది, దాన్ని మోచేత్తో తోశాను, బల్ల ఊగింది, కీబోర్డు జారింది, పట్టుకోబోయి పైన వరసలో ఏదో బొత్తాం నొక్కాను. ఈ దేశంలో అమ్మే కీబోర్డుల్లో భాంగ్రా, దాండియా లయలు ముందే నింపి ఇస్తారు. నాది నవరాత్రి మొదలెట్టింది. ఢోలు!

సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్లలకి ఢోలు వినపడ్డాక మెదడుతో పనిలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కాళ్ళు మాత్రం గుజరాతీ. క్షణంలో వలయం కట్టారు. వాళ్ళ వెనక తల్లులు. ఆ వెనక మా ఆవిడ! ఉసిరికుండీ చుట్టూ గర్బా. నేను మూడు దెబ్బల వాల్ట్జ్ నాలుగు దెబ్బల ఢోలు మీద ఏదో ఒకటి కొడుతూ, ఆ బొత్తాం ఎక్కడుందో కనపడక, చివరికి చేతులు రెండూ పైకెత్తేశాను. లొంగిపోయాను అని దానర్థం. మా తోడల్లుడు ముగిసిందనుకుని గడియారం నొక్కాడు.

"యాభై ఏడు సెకన్లు అన్నయ్యా!"

చప్పట్లు. ఈలలు. ఢోలు ఇంకా మోగుతూనే ఉంది.

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నడిమి భాగం మింగేశాను, చివరి భాగం ముగించనేలేదు, ఎడమచేయి వేరే పాట వాయించింది, ఢోలు ప్రమాదం. ఈ నాలుగు ముక్కలూ చెప్పి కూర్చోవచ్చు. మీరైతే చెప్పేవారా? గుండె మీద చెయ్యేసుకోండి. నేను లేచి, మూడు వైపులకీ దణ్ణం పెట్టి, మైకు తీసుకుని, "ఇది షోపాన్‌కి, గుజరాత్ నేలకి నా చిన్న నివాళి. ఫ్యూజన్" అన్నాను. ఆ మాట అన్న క్షణంలో కింద భూమి విచ్చుకోలేదు. నల్ల ఇసకలో ఉన్నాయంటున్న దయ్యాల్లో ఒక్కటి కూడా ముందుకి రాలేదు. నిజంగా ఉంటే ఆ క్షణం రావాల్సింది.

గ్రూపులో వీడియో పడింది. మా మామగారు చప్పట్ల బొమ్మలు పెట్టారు. అత్తగారు ఉప్పు తిప్పమన్నారు, ఈసారి పెద్దల్లుడికి. ఆ మత్తులో ఇంకో పని చేశాను. వీడియోని నాన్‌పురా ఆంటీకి పంపాను. ఎవరూ అడగలేదు. నేనే పంపాను.

రెండో రోజు పిలిపించింది. తిడుతుందనుకున్నాను. టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది. వీడియో ఇంకోసారి చూసి, పిల్లల గర్బా బాగుందంది. తర్వాత, "దీక్రా, మధ్యలో పాట ఉండాలి, అదేమైంది?" అంది. టైము సరిపోలేదన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పియానో ముందు కూర్చుని మొత్తం వాయించింది. వేళ్ళు వంకర తిరిగిపోయాయి, ఒకటి రెండు చోట్ల తడబడింది, వానకి ఉబ్బిన ఒక మీట అసలు లేవలేదు. ఎడమచేయి మాత్రం ఒక్కసారి కూడా తొందరపడలేదు. నడిమి భాగం వచ్చినప్పుడు నేను దాన్ని ఎందుకు కోసేశానా అని నిజంగానే బాధపడ్డాను. అయితే మీ దగ్గర దాపరికమెందుకు, అదే సమయంలో నా కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. రెండు నిమిషాలు దాటింది. నావి యాభై ఏడు సెకన్లు కదా అని లోపల ఎక్కడో ఒక వెధవ నవ్వాడు.

ఇప్పుడు మళ్ళీ వెళ్తున్నాను, ఎడమచేతి పాఠానికి. ఇంట్లో హెడ్‌ఫోన్లు తీసేశాను. మూడు దెబ్బలు, మళ్ళీ మూడు దెబ్బలు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "కుడిచేతికి ఏమైనా తగిలిందా?" అని కంగారుగా అడిగింది. మా తోడల్లుడు పరుగు తగ్గించాడు. ఆ పాటకి పోటీలేమైనా ఉంటాయా, ఎక్కడైనా పేరివ్వాలా అని అడుగుతున్నాడు. కీబోర్డు కూడా చూసొచ్చాడట.

నిన్న ఉగాది కార్యక్రమానికి పేర్లు రాసుకుంటున్న ఆయన ఫోను చేశాడు. "సార్, మీ షోపాన్ గర్బా అందరికీ నచ్చింది. ఈసారి మీకు ఐదు నిమిషాలిచ్చాం."

"ఆ పాట అంత సేపు ఉండదండీ" అన్నాను. ఎడమచేయి సంగతి, నడిమి భాగం సంగతి చెబుదామనుకుని గొంతు కూడా సవరించుకున్నాను.

"నిమిషమే కదా సార్. ఐదుసార్లు వాయించెయ్యండి."

సరేనన్నాను.